పెరటి కుళాయి చప్పుడు

జనవరి 20, సోమవారం

స్పానిష్ చదివేవాళ్లు డైరీ కూడా స్పానిష్‌లోనే రాసుకోవాలని మా మేడమ్ అంటారు, చెయ్యి తిరుగుతుందట. తిట్టుకోవడానికి తెలుగే హాయి. అందుకని ఇది తెలుగులో.

హైదరాబాద్ నుంచి శనివారం వచ్చాను. పలాసలో రైలు దిగి, బస్సెక్కి, జీడితోటల మధ్యనుంచి ఊరు చేరేసరికి పదయింది. నాన్న అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్ కాబట్టి చేతికి ఎప్పుడూ ఏదో ఒక కట్టు ఉంటుంది. నన్ను చూసి నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "సిక్కిపోనావేటే జాయీ" అంది. చిక్కింది ఎవరో ఇంట్లో అద్దం ఉంటే తెలిసేది. పోయినేడు పగిలింది, కొత్తది కొననే లేదు.

రెండు పనుల మీద వచ్చాను. ఒకటి, ఎం.ఏ. చివరి సంవత్సరం పరిశోధన వ్యాసం. మార్చి పదిహేనుకి ఇవ్వాలి. నికరాగువాలో చెరుకు కోసే పన్నెండు మంది తమ కిడ్నీ జబ్బు గురించి స్పానిష్‌లో మాట్లాడిన రికార్డింగులు మేడమ్ సంపాదించి ఇచ్చారు. ఆ జబ్బే మా ఉద్దానంలోనూ ఉంది. ఎందుకొస్తుందో వాళ్లకీ తేలలేదు, మాకూ తేలలేదు. డాక్టర్ల మాటలు రోగుల నోట్లో పడి ఏమవుతాయో అక్కడిదీ ఇక్కడిదీ పోల్చి రాయాలి. అంటే ఇక్కడ నేను కూడా కొంతమంది చేత మాట్లాడించాలి.

రెండోది, అమ్మని విశాఖపట్నం తీసుకెళ్లడం. అమ్మ కిడ్నీ నాన్నకి సరిపోవచ్చు, పరీక్షలకి రమ్మని డాక్టరు ఆగస్టులోనే చెప్పారు. అమ్మ అప్పుడు తలూపింది. తరవాత కొబ్బరి దింపు అంది. తరవాత క్రిస్మస్ అంది. నిన్న అడిగితే, "పూతొచ్చింది గదే. పిక్క కట్టనీ, ఎల్దాం" అంది.

జీడి పిక్క కట్టకపోతే ఈవిడ కిడ్నీ ఇవ్వదా?

జనవరి 22

రికార్డింగులు మొదలెట్టాను. చదువుకున్న పిల్ల ఫోను పట్టుకుని వెళ్తే ఎవరూ నోరు విప్పరు. మా అమ్మ దోర్కాస్ పిలిస్తే మాత్రం వచ్చి కూర్చుంటారు. అలా అమ్మ పుణ్యమా అని మా అరుగే నా ఆఫీసు అయింది. ఏడింటికల్లా అందరూ పనుల్లోకి పోతారు కాబట్టి ఆరింటికే రావాలి. అమ్మ టీ పెట్టి ఇచ్చేసి పెరట్లోకి పోతుంది. నాన్న గదిలో ఫోన్‌లో ప్రార్థన పెట్టుకుని పడుకుంటాడు.

మొదటి మనిషి పక్కింటి నూకాలమ్మ. ఇందులో గట్టి నియమం ఒకటుంది: మనిషి ఏం చెప్పినా దిద్దకూడదు. తప్పు చెప్పినా తలూపాలి. జబ్బు ఎలా ఉంది అనడక్కూడదు, మీ సంగతులు చెప్పండి అనాలి.

"నాకు రోగం నేదమ్మా. పాయింట్లున్నాయి, అంతే" అంది నూకాలమ్మ.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నికరాగువా రికార్డింగుల్లో ఏడో నంబరు మనిషి కూడా సరిగ్గా ఇలాగే అంటాడు. నాకు క్రియాటినిన్ ఉంది, అంటాడు. అది ఒక పరీక్ష పేరు, రక్తంలో ఉండే ఒక పదార్థం పేరు. ఆయన నోట్లో అదే జబ్బు పేరైంది. నూకాలమ్మ నోట్లో ఆ పరీక్షలో వచ్చే అంకె జబ్బైంది. ఒక అధ్యాయం దొరికినట్టే.

విన్నదంతా రాసేటప్పుడు మాట్లాడే మనిషివి కాని శబ్దాలకి టైము వేసి "రుయిదో" అని గుర్తు పెట్టాలి. చప్పుడు అని అర్థం. అలా పెడితే కంప్యూటరు దాన్ని వదిలేసి ముందుకు పోతుంది.

జనవరి 24

కోళ్లు, రుయిదో. బైకు, రుయిదో. అమ్మ పెరట్లో కుళాయి విప్పి పుక్కిలించడం, రుయిదో. ఈ ఊళ్లో నిశ్శబ్దం ఎక్కడుందో పట్టిచ్చినవాళ్లకి నా స్కాలర్‌షిప్ రాసిస్తాను.

జనవరి 27

పొద్దున్నే గొడవ. డాక్టరు దగ్గర తేదీ తీసుకుంటానన్నాను. ఫోను కూడా చేతిలోకి తీసుకున్నాను.

"ఇప్పుడొద్దు" అంది అమ్మ.

"ఎందుకొద్దు? ఆగస్టు నుంచి ఇదే పాట."

"పిక్క కట్టనీ. తోట నానొగ్గీసి ఎల్తే ఎవలు సూత్తారు?"

"నాన్నని ఎవలు సూత్తారు?"

ఆ మాటకి అమ్మ చీపురు తీసుకుని వాకిట్లోకి పోయింది. అప్పటికే ఊడ్చిన వాకిలి మళ్లీ ఊడ్చింది.

నాన్న ఇదంతా విన్నాడు. విననట్టు గోడవైపు తిరిగాడు.

కత్తి అంటే భయం అమ్మకి. అంతకన్నా ఏముంటుంది? నేను పుట్టినప్పుడు ఆపరేషన్ అంటే ఆసుపత్రి గుమ్మం పట్టుకుని వదల్లేదట. నాకు అర్థమవుతుంది. అర్థమైనా కోపం తగ్గదు.

జనవరి 31, శుక్రవారం

నాన్నతో డయాలసిస్‌కి నేను వెళ్లాను, అమ్మకి ఒళ్లు నొప్పులంటే. నాన్నకి అక్కడ మూడో బెడ్. సత్యానందం అని ఎవరూ పిలవరు, మూడో బెడ్ అంటారు. నా రికార్డింగుల్లో కూడా పేర్లు తీసేసి నంబర్లే ఉంచాం. అది గోప్యత కోసం. ఇదీ గోప్యతే అనుకోవాలి.

మిషన్ మీద నాలుగు గంటలు. నేను ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని ఏడో నంబరుని రాస్తూ కూర్చున్నాను. నాన్న ఒక చెవిది తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. ఒక్క ముక్క అర్థం కాదు, అయినా పావుగంట విన్నాడు.

"ఏటంతన్నాడు?"

"పొద్దున్నే చెరుకు తోటలోకి వెళ్లేవాణ్ని, ఎండలో నీళ్లు దొరికేవి కావు అంటున్నాడు."

"పక్కనామె ఎవలు?"

"భార్య. ఆయన్ని నువ్వు అంటుంది. డాక్టరు వస్తే మాత్రం ఇద్దరూ గొంతు మార్చేసి మీరు, మీరు అంటారు. అదే నేను రాయాల్సింది."

"మనమూ అంతే గదా" అన్నాడు. ఇంకాసేపు విని, "ఉన్నాడా? పోనాడా?" అని అడిగాడు.

ఆ రికార్డింగు చేసింది ఐదేళ్ల కిందట. నాకు తెలియదు.

"ఉన్నాడు నాన్నా" అన్నాను.

"మంచిదే" అని కళ్లు మూసుకున్నాడు. తరవాత నాకు ఒక్క పేజీ కూడా ముందుకు పోలేదు.

ఫిబ్రవరి 4

అమ్మ చేపల కూర వండి తను తినలేదు. ఉపవాస ప్రార్థనట. నిన్నా అదే అంది. కిడ్నీ ఇవ్వడానికి బదులు దేవుడికి అన్నం ఇస్తున్నట్టుంది.

నాన్న చెప్పులు వేసుకుని తిరుగుతోంది. తన చెప్పులు బిగుతైపోయాయట. రేపు సోంపేట వెళ్తే కొత్తవి తేవాలి.

ఫిబ్రవరి 8, శనివారం

ఇవాళ పని బాగా సాగింది. జబ్బు లక్షణాలని రోగులు ఏయే మాటల్లో చెబుతారో పట్టిక పూర్తి చేశాను. ఎడమవైపు డాక్టర్ల స్పానిష్, మధ్యలో చెరుకు కూలీల స్పానిష్, కుడివైపు మా వాళ్ల తెలుగు. నోట్లో ఇనుము రుచి. దురద. కాళ్ల వాపు. నీసు వాసన పడకపోవడం. పొద్దున్నే వాంతి. సీతారాం మావయ్య చెప్పిన మాట అన్నిటికన్నా నచ్చింది: "నోరంతా మేకు సప్పరించినట్టుంతాది." ఏడో నంబరు కూడా మేకు అనే అంటాడు! భూమికి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు, ఇద్దరి నోట్లోనూ ఒకటే మేకు.

పట్టిక మేడమ్‌కి పంపాను. గంటలో ఫోను చేశారు. నీకు మంచి చెవి ఉంది జాయ్, ఇది నేర్పితే వచ్చేది కాదు అన్నారు. ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ నా చెవి పట్టుకుని మెల్లిగా లాగి నవ్వింది. చేతులు చల్లగా ఉన్నాయి.

ఫిబ్రవరి 9

చెప్పులు తేవడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాయాలని లేదు. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

గుడిలో పాస్టరు అయ్యగారు నాన్న కోసం ప్రార్థన చేశారు. అమ్మ లోపల కూర్చోలేదు, ఉక్కగా ఉందని గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆరాధన అయ్యాక అందరూ చుట్టూ చేరారు. సత్యానందానికి ఎలాగుంది, విశాఖపట్నం ఎప్పుడు, దాత దొరికారా అని. అమ్మ పైట సర్దుకుంటూ, "పిక్క కట్టినాక" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "బయమైతే బయమని సెప్పు. పిక్కలూ పూతలూ ఎందుకు? నాన్న సచ్చిపోతే అప్పుడు కడతాయా నీ పిక్కలు?" అన్నాను. అందరూ ఉన్నారు. నూకాలమ్మ కూడా ఉంది, తన ముందూ అన్నాను.

అమ్మ బైబిలు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది. నాన్న చెప్పులతో, టపటపమని.

తప్పు మాట అన్నానా? అన్నాను. అబద్ధం మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 17

టీ ఇచ్చింది. మాట్లాడలేదు.

ఫిబ్రవరి 18

టీ ఇచ్చింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నాన్న, అమ్మ పలాస వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్న మేడమ్ మెయిల్ వచ్చింది. పని బాగుందట. ఒక్కటే సందేహమట. రికార్డింగులన్నిటిలోనూ ఇంచుమించు ఒకే సమయానికి ఒకే చప్పుడు వస్తోంది, అన్నిచోట్లా నువ్వు రుయిదో అని మాత్రమే పెట్టావు, పరీక్షకులు అడగొచ్చు, అది ఏ చప్పుడో విని రెండు మాటల్లో రాయి అన్నారు.

విని రాయడం ఎంతసేపు? చెవులకి పెట్టుకుని, మనుషుల మాటలు తగ్గించి, చప్పుడు మాత్రం పెంచాను. ముందు కుళాయి. ధారగా, గట్టిగా, బకెట్టు అడుగున పడుతున్న నీళ్లు. దాని కింద ఇంకొకటుంది. పుక్కిలించడం కాదు. కడుపులోంచి దేవుతున్న చప్పుడు. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ. తరవాత గొంతు సవరించుకోవడం. తరవాత కుళాయి కట్టెయ్యడం. తరవాత అమ్మ గొంతు, మామూలుగా, "నూకాలమ్మా, ఇంకో టీ తాగుతావా?"

మొదటిది విని, తిన్నదేదో పడలేదేమో అనుకున్నాను. రెండోది విన్నాను. ఒక్కొక్కటీ తీశాను. ఇరవై మూడు. ఇరవై మూడు చోట్ల నేను నా చేత్తో రుయిదో అని గుర్తు పెట్టాను. కొన్నిచోట్ల విసుగు పుట్టి రెండుసార్లు పెట్టాను.

నికరాగువా వాళ్ల నాలుగో రికార్డింగులో కూడా ఇలాంటిదే వెనక వినిపిస్తుంది. అక్కడ రాసిన మనిషి దాన్ని రుయిదో అనలేదు. "వాంతి, బయట, ఆడమనిషి" అని రాసింది. శబ్దాలని ఎంత జాగ్రత్తగా గుర్తించాలో చెప్పడానికి నేను మొదటి అధ్యాయంలో ఆ లైనే ఉదాహరణగా ఇచ్చాను.

పట్టిక తీశాను. కుడివైపు వరస. నోరు, దురద, వాపు, నీసు, పొద్దున్నే వాంతి. చేపలు తినదు. చెప్పులు బిగుతు. చేతులు చల్లన. ఈ డైరీ వెనక్కి తిప్పితే అన్నీ నేనే రాసి ఉన్నాను.

పైత్యం కూడా కావచ్చు. ఖాళీ కడుపున టీ. చాలామందికి ఉంటుంది.

మంచి చెవి అన్నారు.

ఫిబ్రవరి 22, శనివారం

అమ్మ పెరట్లో కొబ్బరి మట్టలు కొడుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. వారం రోజుల తరవాత మాట్లాడటం.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఏటి?"

"పొద్దున్న."

"పైత్తెం."

ఫోన్‌లో ఆ చప్పుడు పెట్టి, ఇయర్‌ఫోన్లు అమ్మ చెవుల్లో పెట్టాను. అమ్మ కత్తి పక్కన పెట్టి విన్నది. ఎవరిదో వింటున్నట్టు తల వంచి విన్నది. కాసేపటికి మొహం మారిపోయింది.

"ఇది నానేనా?"

"నువ్వే."

"ఇదంతా మీ కాలేజీకి పంపించీసినావా?" అంది. సిగ్గుపడింది. ఆ సిగ్గు చూసి నాకు ఏడుపొచ్చింది.

లోపలికెళ్లి బైబిలు తెచ్చింది. దాని కవరు జిప్పు తీసి, వెనక అరలోంచి రెండు కాగితాలు ఇచ్చింది. ఒకటి, రెండేళ్ల కిందట ఊళ్లో కిడ్నీ పరీక్షలకి రక్తం తీసిన రోజుది. క్రియాటినిన్ రెండు పాయింట్ ఆరు. రెండోది పోయిన ఆగస్టుది. ఐదు పాయింట్ ఒకటి. విశాఖ డాక్టరు చెప్పిన మరుసటి వారం, నాన్న మిషన్ మీద ఉండగా, ఒక్కతే వెళ్లి చేయించుకుంది. డాక్టరు ముందు తలూపినప్పటికే తన కిడ్నీలు పాడైపోయాయని అమ్మకి తెలుసు.

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వు నానిత్తానంటావు."

"ఇత్తాను. తప్పేటి?"

"ఈ గడ్డ మీద పుట్టినావు, ఈ నీల్లే తాగినావు. రేపు నీకూ వొత్తే నీకెవలిత్తారే? నానిచ్చీదాన్నే గదా, నాది సెడిపోయింది. మీ నాన్నకి అయ్యింది, నాకు అయ్యింది. నీ ఒంటి మీద కోత మాత్రం పడనివ్వను."

గుడి దగ్గర అన్న మాటలకి క్షమించమన్నాను.

"అలగే అనుకోనీ అందరూ. పిరికిదంటే పిరికిది. దాంతో నువ్వాగిపోతావు గదా" అంది.

కిడ్నీ ఇవ్వనని మాటిమ్మంది. నాన్నకి చెప్పనని కూడా మాటిమ్మంది, నా వ్యాసం పూర్తయ్యేదాకా. మాట ఇవ్వనన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, చివరికి ఇచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ చెయ్యి నేను గట్టిగా విడిపించుకోలేదని. కొంచెం భయం పోయినట్టుగా కూడా అనిపించింది. అది రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 24, సోమవారం

చెప్పులు కొనాలని నాన్నకి చెప్పి అమ్మని సోంపేట తీసుకెళ్లాను. ఎనిమిది పాయింట్ మూడు.

ఈ అంకె గురించి నేను మూడు భాషల్లో మాట్లాడగలను. డాక్టరు ఎలా చెబుతాడో, కూలీ ఎలా చెబుతాడో, భార్య ఎలా చెబుతుందో, ఎక్కడ గొంతు తగ్గుతుందో, అన్నీ నా దగ్గర పట్టికలో ఉన్నాయి. కాగితం చేతిలో పట్టుకుని ఒక్క భాషలోనూ నోరు పెగల్లేదు.

డాక్టరు మాత్రలు రాశారు. నెల, మహా అయితే రెండు నెలలు, తరవాత ఈవిడకీ డయాలసిస్ తప్పదు, ఇంట్లోవాళ్లకి చెప్పండి అన్నారు. ఇంట్లోవాళ్లు అంటే నేనే.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ జీడితోటలకేసి చూస్తూ, "నాకూ పాయింట్లున్నాయన్నమాట" అని నవ్వింది. దిద్దకూడదనే నియమం ఉంది కదా. దిద్దలేదు. తలూపాను.

చెప్పులు ఒక సైజు పెద్దవి తీసుకున్నాం.

ఫిబ్రవరి 25, మంగళవారం

పలాస. మూడో బెడ్. నాన్నకి ఏడో నంబరు సంగతులు చెబుతున్నాను. ఉన్నట్టుండి అడిగాడు.

"మీ యమ్మ ఎప్పుడెల్తాదట విశాపట్నం?"

నేను చెప్పాల్సింది ఏముందో వెతికాను. నిజం చెప్పకూడదు. నేనిస్తానని అనకూడదు. మిగిలినవన్నీ అమ్మ ఎప్పుడో వాడేసింది.

"పిక్క కట్టనీ నాన్నా" అన్నాను.

నాన్న నా మొహంలోకి చూశాడు. "దానికి కత్తంటే బయమే. నువ్వు కడుపులో ఉన్నప్పుడూ అంతే. ఒత్తిడి సెయ్యకు. గుడికాడ అలగ అనకూడదు. నాకేటి, సాగినన్నాల్లు సాగుద్ది" అన్నాడు.

అలాగే నాన్నా అన్నాను. ఇంకేం చెయ్యను?

ఫిబ్రవరి 26

మేడమ్‌కి జవాబు రాశాను. ఇరవై మూడు చోట్లా రుయిదో తీసేసి, "వాంతి, బయట, మా అమ్మ" అని మార్చాను. అమ్మని అడిగాను, ఇలా ఉంచనా అని.

"అసయ్యంగా ఉంతాదే. ఒద్దు" అంది.

ఒప్పుకోని మనిషి గొంతు వాడకూడదు. అది మొదటి నియమం. ఇరవై మూడూ మళ్లీ రుయిదో చేశాను. వివరణ దగ్గర, "పెరట్లో కుళాయి" అని రాశాను.

ఫిబ్రవరి 27, గురువారం

ఇవాళ రికార్డింగు లేదు. ఆరుంబావుకి అమ్మ పెరట్లోకి వెళ్లింది. నాకు తెలిసిపోయిందిగా, ఇక కుళాయి విప్పలేదు. వెనకాలే వెళ్లి నుదురు పట్టుకున్నాను.

లోపల నాన్న ఫోన్‌లో ప్రార్థన అయిపోయింది. ఇంకోటి పెట్టలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

ఒక చేత్తో అమ్మ నుదురు పట్టుకుని, రెండో చేత్తో నేనే కుళాయి విప్పాను, నాన్నకి వినపడకుండా.